మోసేవాడి గంట ఎవరిది? వెట్టి నుంచి డెలివరీ దాకా



పోయిన భాగంలో ఊరి ఇనాముల గురించి రాసినప్పుడు "వెట్టి ఇనాం" అనే మాట దగ్గర చాలామంది విద్యార్థులు ఆగిపోయారు. వెట్టి అంటే కూలి లేని చాకిరీ కదన్నా, దానికి మళ్లీ ఇనాం భూమి ఏంది అని అడిగారు. మంచి ప్రశ్న. దీనికి సరిగ్గా జవాబు చెప్పుకుంటే ఈరోజు అనంతపురం సప్తగిరి సర్కిల్లో బండి స్టాండు వేసుకుని ఫోన్ చూస్తూ కూర్చున్న పిల్లోడి సంగతి కూడా అర్థమవుతుంది. అందుకే ఈ భాగం మొత్తం మోసేవాళ్ల గురించి.

వెట్టివాడు ఏం చేసేవాడు? ఊరికి, తాలూకా కచేరీకి మధ్య తిరిగే మనిషి అతను. రెడ్డి రాసిచ్చిన కాగితం కరణానికి, కరణం రాసిచ్చింది తహసీల్దారుకు చేరవేయాలి. కిస్తు కట్టమని రైతులను ఇంటింటికీ పోయి పిలవాలి. వసూలైన డబ్బు మూట కచేరీకి మోసుకుపోయేటప్పుడు వెంట నడవాలి. దొర క్యాంపుకు వస్తే సామాను ఎత్తాలి, పక్క ఊరి పొలిమేర దాకా దారి చూపాలి. తప్పెట కొట్టి దండోరా వేయాలి. సీమలో ఎక్కువ ఊళ్లలో ఈ పని మాలలది, కొన్నిచోట్ల మాదిగలది. ప్రతిఫలంగా కళ్లంలో కొంత గింజ. దాన్ని మేర అనేవాళ్లు. కొన్ని ఊళ్లలో చిన్న చెక్క భూమి, అదే వెట్టి ఇనాం.

అంటే అసలేమీ ఇవ్వలేదని కాదు. కానీ ఇచ్చింది దేనికి? పది మైళ్లు నడిస్తే ఇంత, మూట మోస్తే ఇంత అని లెక్క కట్టి ఇచ్చింది కాదు. ఆ కుటుంబం ఎప్పుడు పిలిస్తే అప్పుడు దొరకాలి, అందుకు ఇచ్చింది. అర్ధరాత్రి పిలిచినా, విత్తనం వేసే పూట పిలిచినా పోవాలి. మా అవ్వ చెప్పేది, క్యాంపు వస్తుందని తెలిస్తే ఆ నాలుగు రోజులు మగవాళ్లు వేరే కూలికి పోవడానికి లేదని. క్యాంపు రాకపోయినా సరే. ఆ నాలుగు రోజుల కూలి ఎవరూ ఇవ్వరు. వెట్టి అంటే జీతం లేని పని అని పుస్తకాల్లో రాస్తారు. నేనైతే ఇలా చెబుతాను: వెట్టిలో అసలు దోపిడీ పనిలో కంటే ఎదురుచూపులో ఉంది. మనిషి సమయం మొత్తం వేరేవాడి చేతిలో ఉంటుంది, లెక్క మాత్రం అతను నడిచిన దూరానికే.

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని కుంపిణీకి ఇచ్చేశాడు. దత్త మండలాలు అన్నది అప్పుడే. మొదటి ప్రిన్సిపల్ కలెక్టరు థామస్ మన్రో, 1807 దాకా ఉన్నాడు, అనంతపురంలోనే మకాం. రైతువారీ తెచ్చాడని, డేరాల్లో ఉంటూ ఊరూరా తిరిగి జమాబందీ చేశాడని మన పాఠ్యపుస్తకాలు పొగుడుతాయి. సీమలో ఆయన పేరు పిల్లలకు పెట్టుకున్నవాళ్లు కూడా ఉన్నారు. ఉండనీ. నేను అడిగేది ఒకటే. ఆ డేరాలు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఎవరి తలల మీద పోయాయి? రైతుకు పట్టా రాసిచ్చిన ఆ పద్ధతిలోనే వెట్టివాడు కూడా గ్రామ నౌకరుగా లెక్కల్లోకి ఎక్కాడు. రైతుకు భూమి మీద పేరు పడింది. ఇతనికి పని మీద పేరు పడింది. 1895లో మద్రాసు ప్రభుత్వం వంశపారంపర్య గ్రామోద్యోగాల చట్టం చేసింది. కరణం కొడుక్కి కరణీకం హక్కుగా వచ్చింది. వెట్టివాడి కొడుక్కి వెట్టి వచ్చింది. ఇద్దరిదీ వారసత్వమే, కాకపోతే ఒకరిది ఆస్తి, ఇంకొకరిది అప్పులాంటిది.

ఈ పీఠభూమి మీద మోసేవాళ్లు వెట్టివాళ్లొక్కరే కాదు. సుగాలీలు ఎద్దుల మందల మీద ధాన్యం, ఉప్పు వేసుకుని దేశం చుట్టారు. సైన్యాలకు తిండి అందించింది వాళ్ల మందలే. ఎరుకలవాళ్లు గాడిదల మీద ఉప్పు, గింజలు వేసుకుని ఊళ్లకు చేర్చేవాళ్లు. 1871లో మద్రాసు, బొంబాయి రైలు మార్గాలు రాయచూరు దగ్గర కలిశాయి. తాడిపత్రి, గుత్తి, గుంతకల్లు మీదుగా పోయే లైను అదే. రైలు వచ్చాక ఎద్దు మీద సరుకు ఎవరికి కావాలి? సర్కారు ఉప్పు మీద పట్టు బిగించాక గాడిద మీద ఉప్పుకు చోటెక్కడ? పని పోయినవాళ్లకు వేరే దారి చూపలేదు సరిగదా, సరిగ్గా ఆ 1871లోనే నేరస్థ తెగల చట్టం వచ్చింది. 1911 తర్వాత మద్రాసు రాష్ట్రంలో ఎరుకలను ఆ చట్టం కింద పెట్టి హాజరు వేయించుకున్నారు. నిన్నటిదాకా ఊరికి ఉప్పు తెచ్చినవాడు ఈరోజు తిరుగుబోతు, దొంగ. మోసే సాధనం మారిన ప్రతిసారీ పాత మోసేవాడికి ఏం జరుగుతుందో ఇక్కడ చూడండి. ఈ సంగతి తర్వాత మళ్లీ వస్తుంది.

ఎదురుచూపు దోపిడీని అసెంబ్లీలో నిలబడి పట్టుకున్న మనిషి బాబాసాహెబ్. 1928లో బొంబాయి శాసనమండలిలో 1874 నాటి వతన్ చట్టానికి సవరణ బిల్లు పెట్టాడు. మహర్ వతన్ మన వెట్టికి అన్నదమ్ముడు. ఆయన వాదన సారాంశం: మహర్ చేయాల్సిన పనికి హద్దు లేదు, గంటకు హద్దు లేదు, ఏ శాఖవాడు పిలిచినా పోవాలి, అతను లేకపోతే ఇంట్లో ఇంకొకరు పోవాలి. దానికి బదులు ఇచ్చేది చెక్క భూమి, బలుతా గింజలు. ఈ భూమి మీద మమకారమే మహర్‌ను కట్టిపడేసింది, జీతం ఇవ్వండి లేదా వదిలేయండి అన్నాడు. ఆ బిల్లు చట్టం కాలేదు. ఆ వతన్లు రద్దు కావడానికి 1958 నాటి చట్టం దాకా ఆగాల్సి వచ్చింది. కానీ 1946లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి వారానికి 54 గంటల పనిని 48కి తగ్గించినప్పుడు వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ చూస్తున్నది అంబేద్కరే. ఫ్యాక్టరీ కార్మికుడి గంటకు హద్దు గీసిన మనిషికి ఆ గంట విలువ వెట్టి దగ్గరే తెలిసింది.

మన దగ్గర 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం ఒక ఆర్డినెన్సుతో కరణాల, మునసబుల పదవులు రద్దు చేసింది. సుప్రీంకోర్టు దాకా పోయారు, 1985లో కోర్టు ప్రభుత్వానిదే సరి అంది. కరణీకం పోయిందని సీమలో పండగ చేసుకున్నవాళ్లున్నారు. న్యాయమే. అయితే కింద ఉన్న గ్రామ సేవకులు మాత్రం పేర్లు మార్చుకుంటూ కొనసాగారు, చివరికి వీఆర్ఏలు అయ్యారు. వాళ్ల కథ పెద్దది, ఇక్కడ పట్టదు.

ఇక కరువు. అనంతపురంలో ఏడాదికి సగటు వాన దాదాపు 550 మిల్లీమీటర్లు. పశ్చిమ కనుమల నీడ ఒకవైపు, తూర్పు తీరం దూరం ఇంకోవైపు, రెండు రుతుపవనాలూ ఇక్కడికి అలసిపోయి వస్తాయి. ఎర్ర నేల మీద వేరుశనగ, అది పోతే వలస. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకాన్ని దేశం మొత్తానికి మొదలుపెట్టింది మన జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో. ఆ చట్టంలో జనం పెద్దగా మాట్లాడుకోని ఒక సెక్షన్ ఉంది. పని అడిగిన 15 రోజుల్లో పని చూపించకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలి, మొదటి 30 రోజులు కూలిలో కనీసం పావు వంతు, ఆ తర్వాత సగం. అంటే పనికి సిద్ధంగా ఉండి ఖాళీగా కూర్చున్న రోజుకు కూడా ఒక ధర ఉంది అని పార్లమెంటు ఒప్పుకుంది. ఎంతమందికి ఇచ్చారు అంటే, అదే వేరే సంగతి. అడిగిన రసీదు చేతిలో పెట్టకపోతే 15 రోజుల లెక్క ఎక్కడ మొదలవుతుంది? (2025 డిసెంబరులో ఆ చట్టం స్థానంలో కొత్త చట్టం చేశారు. దాని మీద విడిగా రాస్తాను.)

కూలికి పోయే కాలం నుంచి బండి నడిపే కాలానికి మన పిల్లలు ఎట్లా వచ్చారు? మొదట లారీ క్లీనర్లుగా. అద్దం తుడవడం, టైరు కింద చెక్క పెట్టడం, రివర్సులో "రానీ రానీ" అని అరవడం. రెండు మూడేళ్లు తిట్లు తిన్నాక ఏ రాత్రో హైవే మీద డ్రైవరన్న స్టీరింగు ఇస్తే అదే డ్రైవింగ్ స్కూలు. నడపడం వచ్చినా లైసెన్సు రాదు. రవాణా వాహనం నడపాలంటే ఎనిమిదో తరగతి పాసై ఉండాలన్న నిబంధన ఉండేది. ఐదో తరగతిలో బడి మానేసి బెంగళూరు కూలికి పోయినవాడు ఎవడో మీకు తెలుసు. కేంద్రం దాన్ని 2019లో ఎత్తేసింది. ఇంకో ముడి బ్యాడ్జి. మామూలు కారు లైసెన్సుతో చిన్న సరుకు బండి నడపవచ్చా అన్నదానికి సుప్రీంకోర్టు 2017లో నడపవచ్చు అంది, 2024 నవంబరులో ఐదుగురు జడ్జీల బెంచి అదే ఖాయం చేసింది. ఏడున్నర టన్నుల లోపు బండికి వేరే అనుమతి అక్కర్లేదు. ఇలాంటి తీర్పులు మన గ్రూపుల్లో ఎవరూ షేర్ చేయరు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సువాళ్లు "లైసెన్సు చెల్లదు" అని తప్పించుకునే దారి మూసింది ఈ తీర్పే. దాచుకోండి.

ఆంధ్రప్రదేశ్‌లో డెలివరీ డ్రైవరు అంటే యాప్ ఒక్కటే గుర్తుకొస్తే మనం చరిత్ర మర్చిపోయినట్టే. అందరికంటే పెద్ద ప్రయోగం ప్రభుత్వానిది. 2021 జనవరి 21న విజయవాడ బెంజి సర్కిల్లో రేషన్ బండ్లకు జెండా ఊపారు. రాష్ట్రం మొత్తానికి 9,260 బండ్లు. బీసీ కార్పొరేషన్ ద్వారా 3,800, ఎస్సీ కార్పొరేషన్ ద్వారా 2,300, ఈబీసీలకు 1,800, ఎస్టీలకు 700, ముస్లిం మైనారిటీలకు 660. ఒక్కో బండి ఖరీదు దాదాపు 5.81 లక్షలు. అందులో 60 శాతం సబ్సిడీ, 10 శాతం లబ్ధిదారుడి వాటా, మిగిలింది బ్యాంకు అప్పు. మన వాడల్లో మొదటిసారి స్వంత పేరు మీద నాలుగు చక్రాల బండి చూసిన ఇళ్లు ఉన్నాయి. ఆ సంతోషాన్ని నేను తక్కువ చేయను.

పని ఎట్లా ఉండేది? పొద్దున్నే రేషన్ షాపు దగ్గర సరుకు ఎత్తుకోవాలి. 50 కిలోల బస్తాలు. తర్వాత వీధి చివర బండి ఆపి మైకులో పిలవాలి. కార్డు చూడాలి, మిషన్లో వేలిముద్ర తీసుకోవాలి, తూకం వేయాలి. సిగ్నల్ లేకపోతే మిట్ట ఎక్కి ఫోన్ చేతిలో పెట్టుకుని నిలబడాలి. ముసలమ్మల వేళ్లు అరిగిపోయి ముద్ర పడదు, తిట్లు డ్రైవరుకే. పేరుకు డ్రైవరు. చేసేది హమాలీ, తూకందారు, గుమాస్తా, దండోరా అన్నీ. మొదటి వారాల్లోనే గిట్టదని చాలాచోట్ల ఆపరేటర్లు నిరసన తెలిపారు, కొందరు బండి తాళాలు తిరిగిచ్చారు. అప్పుడు నెలకు ఇచ్చే మొత్తం 16,000 నుంచి 21,000కు పెంచారు. బండి అద్దె, సహాయకుడి కూలి, ఇంధనం అన్నీ అందులోనే.

ఆ 21,000 సరిపోయిందా అంటే లేదు. కానీ ఒక తేడా గమనించండి. అది నెల లెక్క. సర్వరు పనిచేయక ఒక పూట ఆగిపోయినా నెల డబ్బు నెల డబ్బే. ఎదురుచూపు కూడా అందులో కొంత కలిసింది. ఈ లెక్కన ఆ బండి ఆపరేటరు ఈరోజు యాప్ కార్మికుడి కంటే ఒక మెట్టు పైన ఉన్నాడు.

2025 జూన్ 1 నుంచి ఆ బండ్లు ఆగిపోయాయి. బియ్యం దారి మళ్లుతోంది, ఇంటింటికీ అందడం లేదు అని కొత్త ప్రభుత్వం చెప్పింది. షాపులు తిరిగి తెరిచారు, 65 ఏళ్లు దాటినవాళ్లకు, వికలాంగులకు మాత్రం ఇంటికే అన్నారు. బండ్లు వాళ్లకే వదిలేస్తామన్నారు. ఒక పార్టీ ఆ బండిని గడప దగ్గరి సేవ అంది, ఇంకో పార్టీ బియ్యం దొంగ అంది. టీవీ చర్చలు చూశారు కదా, ఒక్క డ్రైవర్ని అయినా కూర్చోబెట్టి మాట్లాడించారా? ఆరేళ్ల భరోసాతో అప్పు మీద బండి తీసుకున్న మనిషికి నాలుగేళ్లు దాటగానే పని పోతే అతని గతి ఏంది అన్న ప్రశ్న ఇద్దరిలో ఎవరికీ రాలేదు. 1871లో ఎద్దుల మందల సంగతి చెప్పాను, అది ఇందుకే.

ఆ పిల్లల్లో కొందరు ఇప్పుడు టమోటా లోడ్లు కొడుతున్నారు. కొందరు అనంతపురం నుంచి మండలాలకు పార్సిళ్లు వేస్తున్నారు. బండి అమ్మి రెండు చక్రాల మీదికి వచ్చినవాళ్లూ ఉన్నారు. ఇక వాళ్ల సంగతి.

యాప్‌లో చేరడానికి ఒక పూట చాలు. ఆధార్, పాన్, లైసెన్సు, బండి ఆర్సీ, బ్యాంకు పుస్తకం ఫోటోలు ఎక్కించాలి, ముఖం సెల్ఫీ తీయాలి. శిక్షణ అంటే ఫోన్లో నాలుగు వీడియోలు: నవ్వుతూ మాట్లాడాలి, సంచి శుభ్రంగా పెట్టుకోవాలి, హెల్మెట్ పెట్టుకోవాలి. చివర్లో నాలుగైదు ప్రశ్నలు. టీషర్టు, సంచి డబ్బులు మొదటి సంపాదనలో కోత. కొన్నేళ్ల క్లీనర్ చదువు స్థానంలో అరగంట వీడియో. క్లీనర్ చదువు గొప్పదని కాదు, తన్నులతో నేర్పే చదువు అది. కానీ అక్కడ నేర్పే మనిషికి నీ ముఖం తెలుసు. ఇక్కడ నీకు ఏదైనా జరిగితే "హెల్ప్" నొక్కితే ముందే రాసి పెట్టిన జవాబులు వస్తాయి. నువ్వు కార్మికుడివి కాదు, పార్ట్‌నర్‌వి అని మొదటి స్క్రీన్ మీదే రాసి ఉంటుంది.

మా వాడ పిల్లోడిని రోజు ఎట్లా గడుస్తుందిరా అని అడిగాను. "మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు, రాత్రి ఏడు నుంచి పదకొండు ఆర్డర్లుంటాయన్నా. నడుమ చెట్టు కింద." నడుమ ఇంటికి పోకూడదా? "పోతే ఆఫ్ అయిపోతాది గదన్నా. ఇన్‌సెంటివ్‌కు ఇన్ని గంటలు ఆన్‌లో ఉండాలంటాడు." ఆన్‌లో ఉన్నందుకు డబ్బులిస్తాడా? నవ్వాడు. "ఆర్డరుకే అన్నా." సాయినగర్ నుంచి ఊరి బయట కాలేజీ దాకా పార్సిల్ వేసి ఖాళీగా తిరిగొచ్చే దారికి? దానికీ లేదు. హోటల్ ముందు బిర్యానీ తయారయ్యే దాకా నిలబడ్డ సమయానికి? అదీ సరిగ్గా ఉండదు. మే నెలలో మన ఊరి ఎండ మీకు చెప్పాలా.

ఒక లెక్క వేద్దాం, ఊహగానే. పది గంటలు లాగిన్‌లో ఉన్నవాడు అందులో ఆరు గంటలు ఆర్డరు మీద తిరిగాడనుకోండి. వచ్చిన డబ్బును ఆరుతో భాగిస్తే కంపెనీ చెప్పే గంట సంపాదన. పదితో భాగించి, పెట్రోలు తీసేస్తే ఇంట్లో తెలిసే గంట సంపాదన. ఈ రెండు అంకెల మధ్య ఉన్న తేడాయే వెట్టి. నేను ఆవేశంతో అంటున్న మాట కాదిది. 1982లో ఆసియా క్రీడల నిర్మాణ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు ఏం చెప్పిందో చదవండి. కనీస వేతనం కంటే తక్కువకు ఆకలి బలవంతాన చేసే పని కూడా రాజ్యాంగంలోని 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరీయే అని జస్టిస్ భగవతి రాశాడు. కొరడా ఉండక్కర్లేదు, వేరే దారి లేకపోతే చాలు.

కులం సంగతి ఎక్కడుందన్నా అని అడుగుతారు. రేషన్ బండి మీద మన పిల్లోడు తూచి ఇచ్చిన బియ్యం పెద్దిళ్లవాళ్లు తీసుకున్నారు, పేచీ లేదు. ఎందుకు లేదు? అవి వండని గింజలు. కుల ధర్మంలో పచ్చి గింజకు మైల లేదు. ఉండుంటే పండించేది, కోసేది, నూర్చేది ఎవరు? మైలంతా నీళ్లకు, వండిన కూటికే. బడిలో దళిత వంటమనిషి వండితే పిల్లలను తినవద్దనే పేచీలు ఇందుకే. యాప్ సంచిలో ఉన్నది సరిగ్గా ఆ వండిన కూడే. టీషర్టు కింద కులం కనపడదు, అది మనకు కొంత ఊరట కూడా. ఊళ్లో పేరు పెట్టి పిలిపించుకున్నవాడికి సిటీలో "బ్రదర్" అనిపించుకోవడం చిన్న విషయం కాదు. కానీ యాప్ మీద పేరు కనిపిస్తుంది. 2022 జూన్‌లో లక్నోలో ఒక దళిత డెలివరీ కార్మికుడు తన పేరు విని భోజనం తీసుకోలేదని, మీద ఉమ్మి కొట్టారని ఫిర్యాదు చేశాడు. అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు నమోదైంది. 2024 మార్చిలో జొమాటో శాకాహారం మోయడానికి విడిగా ఒక దళం పెడతామంది, వాళ్లకు ఆకుపచ్చ చొక్కా అంది. గొడవ లేచాక మర్నాడే చొక్కా రంగు వెనక్కి తీసుకుంది. డబ్బా మూసే ఉంది, సీలు వేసే ఉంది. అయినా మోసిన చేయి ఏదో తెలియాలని అడిగేవాళ్లున్నారని ఒక కంపెనీ వ్యాపార లెక్కలోనే తేలింది.

చట్టాల సంగతి క్లుప్తంగా. 2020–21లో దేశంలో ఇలాంటి పనివాళ్లు 77 లక్షలని, 2029–30కి 2.35 కోట్లు అవుతారని నీతి ఆయోగ్ అంచనా. రాజస్థాన్ 2023లో మొదటి చట్టం చేసింది. హైదరాబాదులో తెలంగాణ గిగ్ అండ్ ప్లాట్‌ఫామ్ వర్కర్స్ యూనియన్ ఏళ్లుగా కొట్లాడుతోంది. మన పిల్లలు ఎక్కువగా పోయేది బెంగళూరుకు కాబట్టి కర్ణాటక 2025లో చేసిన చట్టం తెలుసుకోండి. కారణం చెప్పకుండా, 14 రోజుల ముందు నోటీసు ఇవ్వకుండా పనిలోంచి తీసేయకూడదు. పొద్దున లేచేసరికి ఐడీ బ్లాక్ అయిందని హిందూపురం పిల్లోడు ఫోన్ చేస్తే ఈ మాట చెప్పండి. కేంద్రం సామాజిక భద్రతా కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. కంపెనీలు వార్షిక టర్నోవరులో 1 నుంచి 2 శాతం నిధికి కట్టాలి, కార్మికులకు చెల్లించే మొత్తంలో 5 శాతం మించకుండా. ఈ-శ్రమ్‌లో పేరు ఎక్కించుకోవాలి. ఇదంతా ప్రమాదానికి, జబ్బుకు, ముసలితనానికి. గంటకు కనీస కూలి గురించి ఆ కోడ్‌లో వీళ్లకు ఒక్క మాట లేదు.

2025 డిసెంబరు చివర వచ్చిన ముసాయిదా నిబంధనలు చదివాను. ఆ భద్రత దక్కాలంటే ఏడాదిలో ఒక కంపెనీకి కనీసం 90 రోజులు, లేదా రెండు మూడు కంపెనీలకు కలిపి 120 రోజులు పనిచేసి ఉండాలి. రోజు అంటే ఏది? ఆ తేదీన ఎంతో కొంత సంపాదన వచ్చి ఉండాలి. ఒక్క ఆర్డరు వేసినా రోజే, అది మంచిదే. కానీ పొద్దున్నుంచి రాత్రి దాకా లాగిన్‌లో ఉండి, ఒక్క ఆర్డరూ పడక చెట్టు కిందే కూర్చుని ఇంటికి పోయినవాడికి ఆ రోజు లెక్కలో లేదు. అందుకే మీ వాడల్లో బండి నడిపే తమ్ముళ్లందరికీ చెప్పండి: రోజూ లాగిన్ గంటల స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోమని, ఆర్డరు పడని రోజుది కూడా.

వచ్చే భాగం వీఆర్ఏల మీద. జై భీమ్.